మూతలు పెరిగితే ముసుగులు పెరుగుతాయి

2022 మే 24న, జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో అల్లర్లు చెలరేగగానే కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. రోజులు గడిచినా అది తిరిగి రాకపోవడంతో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని, సిగ్నల్ దొరికే గోదావరి గట్లకు చేరారు. నిప్పు పెట్టినవాళ్లకూ వీళ్లకూ సంబంధం లేదు. అదే మే నెలలో ఆగిరిపల్లి, నూజివీడు మామిడి తోటల్లో ఇంటర్నెట్ ఆగిందనుకోండి. బంగినపల్లి, చిన్నరసాల ఫొటోలు వాట్సాప్‌లో చూసి ధర చెప్పే వ్యాపారి అందడు, కోత కూలీకి ఫోన్‌పేలో డబ్బు వెళ్లదు, కోసిన కాయ మాత్రం ఆగదు. నిషేధంతో అవసరం చావదు. అది దొడ్డిదారి వెతుక్కుంటుంది.

కశ్మీర్‌లో 2020 జనవరిలో ఇంటర్నెట్‌ను 2జీ వేగంతో, అనుమతించిన సైట్ల జాబితాకే పరిమితం చేసి తెరిచారు. జనం వీపీఎన్‌లను ఆశ్రయించారు. వీపీఎన్ వాడితే ఫోన్ ఎక్కడో ఉన్న సర్వర్‌తో మాట్లాడుతున్నట్టే టెలికాం కంపెనీకి కనిపిస్తుంది, ఏ సైట్ చూస్తున్నారో తెలియదు. ఫిబ్రవరికల్లా వీపీఎన్‌లు వాడినవాళ్లపై పోలీసులు కేసులు పెట్టారు. 2022లో వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల వివరాలను ఐదేళ్లు దాచాలని కేంద్రం ఆదేశిస్తే, పెద్ద కంపెనీలు కొన్ని తమ సర్వర్లనే దేశం నుంచి తీసేసి, బయటి నుంచి సేవలు కొనసాగించాయి. ఇక ఎవరు నడుపుతున్నారో తెలియని ఉచిత వీపీఎన్‌ను నమ్ముకున్నవాళ్లు తమ గుట్టంతా దాని చేతిలో పెట్టినట్టే.

ఒక వదంతి ప్రాణాలు తీయగలదు, అజ్ఞాతం నేరగాడికి కవచమవుతుంది అనే వాదనలు కొట్టిపారేయదగ్గవి కావు. కానీ నేరగాడికి ఆ కవచం ముందే ఉంది. మూకుమ్మడి నిషేధం దాన్ని మామూలు మనిషికీ తొడుగుతుంది. అందరూ ముసుగు వేసుకున్నాక అసలు దోషిని పట్టుకోవడం పోలీసులకే కష్టం. వదంతికి మందు నిజాన్ని వెంటనే చెప్పడం, దాన్ని పుట్టించినవాడిపై కేసు పెట్టడం. ఇంటర్నెట్ ఆగితే అధికారుల వివరణ కూడా జనానికి చేరదు. నిరవధికంగా ఇంటర్నెట్ ఆపడం చెల్లదనీ, ఉత్తర్వులను ప్రచురించాలనీ సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో స్పష్టం చేసింది. ఆపక తప్పని రోజున కారణమేమిటో, ఏయే మండలాల్లోనో, ఏ గంట వరకో తెలుగులో అచ్చేసి పంచాయతీ గోడ మీద అంటించాలి. ప్రభుత్వం తన నిర్ణయాన్ని దాచనప్పుడే పౌరుణ్ని దాక్కోవద్దని అడిగే హక్కు దానికి ఉంటుంది.