నెపం కాలం మీద నెట్టకండి

యూరప్ తత్వవేత్తల జాత్యహంకారం ప్రస్తావనకు రాగానే చదువుకున్నవాళ్ల నోట ఒకే మాట వస్తుంది: ‘ఆ కాలం అలాంటిది, నేటి తూనికరాళ్లతో వాళ్లను తూచకూడదు.’ పెద్దమనసుతో అన్నట్టు వినిపించే ఈ మాట చరిత్ర ముందు నిలవదు.

నిజాన్నీ అబద్ధాన్నీ వేరుచేసే వివేకం మనుషులందరికీ సమానంగా ఉందని 1637లో డెకార్ట్ రాశాడు. ఆ సూత్రాన్ని చివరికంటా పట్టుకుపోయినవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు. 1673లో పులే ద లా బార్ బుద్ధికి ఆడా మగా భేదం లేదని వాదించాడు. ఇప్పటి ఘానాలోని ఆక్సిమ్ ప్రాంతం నుంచి పసితనంలోనే యూరప్‌కు తరలించిన ఆంటన్ విల్‌హెల్మ్ ఆమో, 1729లో హాలె విశ్వవిద్యాలయంలో యూరప్‌లోని నల్లవారి హక్కులపై వాదం వినిపించాడు. 1734లో విట్టెన్‌బర్గ్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో, మనసు గురించి డెకార్ట్ చెప్పినదాన్నే తప్పుపట్టాడు. ఆ తర్వాత హాలె, యేనా విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పాడు.

ఇదంతా జరిగాక, 1753లో, తెల్లవాళ్లు తప్ప మరే రంగువాళ్లూ నాగరిక జాతి కాలేదని హ్యూమ్ తన వ్యాసానికి ఒక ఫుట్‌నోట్ చేర్చాడు. 1764లో కాంట్ దాన్నే ఆసరా చేసుకున్నాడు. ఒక పాదిరీకి నల్లజాతి వడ్రంగి ఇచ్చిన జవాబును ఉదహరించి, అందులో ఆలోచించదగ్గది ఏదో ఉండొచ్చంటూనే, ఆ మనిషి తల నుంచి కాళ్ల దాకా నలుపే కనుక చెప్పింది మూర్ఖత్వమని తేల్చేశాడు. వాదాన్ని పక్కనపెట్టి ఒంటిరంగును చూసి ఇచ్చిన తీర్పు ఇది. హ్యూమ్‌కు సాటి స్కాట్లండ్ వాడైన జేమ్స్ బీటీ 1770లోనే జవాబిచ్చాడు: పెరూ, మెక్సికో సామ్రాజ్యాలను గుర్తుచేసి ఆ మాట నిలవదన్నాడు. హ్యూమ్ మరణానంతరం 1777లో వెలువడిన ముద్రణలో ఆ ఫుట్‌నోట్ మారింది. అయితే నల్లవారిని తక్కువ చేసిన మాట మాత్రం అలాగే ఉంది.

కాబట్టి వాళ్లకు తెలియక కాదు. ఎదుట సాక్ష్యం ఉంది, చెప్పినవాళ్లూ ఉన్నారు. ‘ఆ కాలం’ అని సర్దిచెప్పేవాళ్లు హ్యూమ్‌నీ కాంట్‌నీ ఆ కాలానికి ప్రతినిధులను చేసి, ఆమోనూ పులేనూ లెక్కలోంచి తీసేస్తున్నారు. నాటి వివక్షను మన చేతులతో మళ్లీ చేస్తున్నాం.

వివేకం అందరిదీ అనే ఈ సార్వత్రికత అంతా తెల్లవాళ్ల ముసుగే, దాన్ని పారేద్దాం అనేవాళ్లతోనూ నాకు పేచీ ఇక్కడే. ఆమో దాన్ని పారేయలేదు, తన హక్కుగా అడిగాడు. ఆ ఆదర్శానికి నిజమైన వారసులు దాన్ని ప్రకటించి గీత గీసినవాళ్లు కాదు, గీత అవతల నిలబడి అడిగినవాళ్లు. తత్వశాస్త్ర పాఠాల్లో కాంట్ పక్కన ఆమో పేరు ఉండాల్సింది జాలితో కాదు, న్యాయంగా.