ఫ్రెడ్ కోపం ఎవరి మీద?

జేవియర్ డోలన్ సినిమా ‘లారెన్స్ ఎనీవేస్’ (2012)లో ఒక హోటల్ సన్నివేశం ఉంది. స్త్రీగా బతకడం మొదలుపెట్టిన లారెన్స్, ఆమె చెయ్యి వదలని ప్రియురాలు ఫ్రెడ్ ఎదురెదురుగా కూర్చుంటారు. వడ్డించే పెద్దావిడ లారెన్స్ వాలకం గురించి ఆరా తీస్తుంది. అంతే, ఫ్రెడ్ ఆమె మీద విరుచుకుపడుతుంది. ఆ అరుపును అందరూ ప్రేమ అన్నారు. నాకు మాత్రం దుఃఖం దింపుకోవడానికి చోటు దొరకని మనిషి కనిపించింది. లారెన్స్ ఏళ్ల తరబడి లోలోపల నలిగి ఈ నిర్ణయానికి వచ్చింది. ఫ్రెడ్‌కి ఆలోచించుకునే వ్యవధే లేదు. తన బాధ లారెన్స్‌కి చెబితే అడ్డుపడినట్టు, అయినవాళ్లకి చెబితే వదిలేసి వచ్చెయ్యమంటారు. అందుకే అది ముక్కూమొహం తెలియని మనిషి మీద పడింది. ఆ పాత్రకే సుజాన్ క్లెమాన్ కాన్ చిత్రోత్సవంలో ‘అన్ సెర్టెన్ రిగార్డ్’ విభాగం ఉత్తమ నటి అయింది. ఫ్రెడ్ బాధను ఒప్పుకుంటే లారెన్స్ హక్కుకు లోటొస్తుందని జంకేవాళ్లున్నారు. ఏ లోటూ రాదు. లారెన్స్ స్త్రీ, అది ఇంకొకరు తేల్చాల్సిన సంగతి కాదు. ఫ్రెడ్ పోగొట్టుకున్నదీ నిజమే. 168 నిమిషాల్లో డోలన్ ఒకరి కోసం ఇంకొకరిని దోషిగా నిలబెట్టలేదు. ఇలాంటి కథ తీయాలనుకునే మన దర్శకులు ముందు నేర్చుకోవాల్సింది అదే.