పళ్లెం మార్చవచ్చు, అన్నం మార్చకూడదు

వేసవి సెలవులు వచ్చాయంటే మన సంఘాల్లో విబిఎస్ సందడి మొదలవుతుంది. పాటలు, కంఠత వాక్యాలు, రంగు కాగితాల పనులు ఎప్పుడూ ఉన్నవే. ఇప్పుడు వాటితోపాటు చాలాచోట్ల ఒక బైబిలు కార్టూన్ కూడా వేస్తున్నారు. గోడమీద బొమ్మ పడగానే అంతవరకూ అల్లరి చేసిన పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. ఆ బొమ్మలు ఎక్కడో అమెరికాలోనో జపాన్‌లోనో పుట్టినవి, మన ముందుకొచ్చి తెలుగులో మాట్లాడుతున్నాయి. దారిలో వాటి మాటల్ని ఎవరు మార్చారు? ఏమి ఉంచారు, ఏమి తీసేశారు? ఈ ప్రశ్న మనం సాధారణంగా అడగం. డబ్బింగును కంప్యూటరే గంటల్లో చేసిపెడుతున్న ఈ రోజుల్లో అడగక తప్పదు.

ఒక దేశపు కార్టూన్ మరో దేశానికి వెళ్లేటప్పుడు కొన్ని మార్పులు సహజం. మన పిల్లలకు బాగా తెలిసిన డోరేమాన్‌నే చూడండి. 2014లో అది అమెరికా టెలివిజన్‌కు వెళ్లినప్పుడు నోబిటా పేరు నోబీ అయింది. యెన్లు డాలర్లయ్యాయి. చాప్‌స్టిక్స్ ఉన్నచోట ఫోర్కులు వచ్చాయి. పరీక్షలో సున్నా మార్కులు వచ్చిన కాగితం మీద అమెరికా బడుల పద్ధతిలో ‘ఎఫ్’ అని కనిపించింది. ఇన్ని మారినా, సోమరిపోతైన ఒక పిల్లవాడు, వాణ్ణి విడిచిపెట్టని ఒక స్నేహితుడు, కథ మాత్రం అదే.

మార్చకపోతే వచ్చే చిక్కు వేరు. బంగ్లాదేశ్‌లో ఇదే డోరేమాన్ హిందీ మాటలతో ప్రసారమై, పిల్లలు ఇంట్లో హిందీ మాట్లాడటం మొదలుపెట్టారు. భాష కోసం రక్తం చిందించిన దేశమది. 2013లో ప్రభుత్వం ఆ ప్రసారాన్ని ఆపేసింది. కార్టూన్ పిల్లవాడి నాలుకను కూడా మలుస్తుందని ఒక ప్రభుత్వానికే అర్థమైంది. మరి సంఘానికి అర్థం కావద్దా?

ఇక మన విశ్వాసానికి దగ్గరి ఉదాహరణలు రెండు. మొదటిది సూపర్‌బుక్. ఈ బైబిలు కథల కార్టూన్‌ను అమెరికాలోని క్రైస్తవ ప్రసార సంస్థ సిబిఎన్ జపాన్‌లోని టట్సునోకో స్టూడియోతో చేయించింది. 1981లో అది మొదట జపాన్‌లోనే ప్రసారమైంది. ఆ దేశ జనాభాలో క్రైస్తవులు నూటికి ఒకరు. అక్కడి పిల్లలకు మోషే ఎవరో, దావీదు ఎవరో తెలియదు. అందుకని ఈ కాలపు ఇద్దరు పిల్లలు, ఒక బొమ్మ రోబో కలిసి బైబిలు కాలానికి ప్రయాణించినట్టు కథ అల్లారు. జపాన్‌లో షో, అజుసా అనే పేర్లున్న ఆ పిల్లలు ఇంగ్లీషులోకి వచ్చేసరికి క్రిస్, జాయ్ అయ్యారు. 1991లో అది సోవియట్ టెలివిజన్‌లోనూ వచ్చింది. డెబ్బై ఏళ్లు నాస్తికత్వం నేర్పిన నేలమీద పిల్లలు ఆదికాండం కథలు చూశారు. పేర్లు మారాయి, భాష మారింది, దేవుడు చేసిన కార్యం మాత్రం కథలో నుండి జారిపోలేదు.

రెండవది వెజ్జీటేల్స్. ఫిల్ విషర్, మైక్ నవ్రాకీ 1993లో మొదలుపెట్టిన ఈ కార్టూన్‌లో టమాటా, కీరదోసకాయ బైబిలు కథలు చెబుతాయి. ఎంత నవ్వించినా యేసును మాత్రం కూరగాయగా చూపకూడదని వారు నియమం పెట్టుకున్నారు. 2003లో సంస్థ దివాలా తీసి ఇతరుల చేతికి వెళ్లింది. 2006లో అమెరికాలోని పెద్ద చానల్ ఎన్‌బిసి శనివారం ఉదయం దాన్ని ప్రసారం చేసినప్పుడు దేవుని ప్రస్తావనలు చాలావరకు కత్తిరించారు. దేవుడు నిన్ను ప్రత్యేకంగా చేశాడు, నిన్ను ఎంతో ప్రేమిస్తున్నాడు అనే అర్థంతో ప్రతి భాగం చివర పిల్లలకు చెప్పే మాట కూడా పోయింది. విషర్ తన అసంతృప్తిని బహిరంగంగానే చెప్పాడు. అన్ని మతాల ఇళ్లకూ వెళ్లే చానల్‌కు దాని ఇబ్బందులు దానికుంటాయి, నిజమే. కాని ఇక్కడ భాష మారలేదు, దేశం మారలేదు. ప్రేక్షకులు మారారని చెప్పి కథలోని కారణాన్నే తీసేశారు. అబద్ధమాడకు అన్న మాట మిగిలింది. ఎందుకు ఆడకూడదో, ఆడినవాణ్ణి క్షమించేదెవరో చెప్పే మాట పోయింది.

ఇంతవరకు చదివి, లోకం అంతే అని మనం తల ఊపవచ్చు. అయితే ఈ కథలో మనకు గుచ్చుకోవలసిన ముల్లు ఇంకొకటుంది. కొన్నేళ్ల తర్వాత, 2011లో, విషర్ తన పనిని తానే పరీక్షించుకున్నాడు. పిల్లలు క్రైస్తవుల్లా నడుచుకోవాలని ఏళ్ల తరబడి చెప్పాను గాని, క్రైస్తవ్యం అంటే ఏమిటో నేర్పలేదు అనే అర్థంలో ఒక పత్రికతో ఒప్పుకున్నాడు. కత్తెర చానల్ చేతిలోకి రాకముందే కొంత పని జరిగిపోయిందన్నమాట.

మన సండే స్కూళ్లలో ఆ కత్తెర లేదా? నోవహు ఓడను జంతుప్రదర్శనశాలగా మార్చేశాం. దావీదు, గొల్యాతు కథ చెప్పి, ధైర్యంగా ఉంటే పరీక్షల్లో గెలుస్తావు అని ముగిస్తున్నాం. యుద్ధము యెహోవాదే అని దావీదు నమ్మిన సంగతి ఎక్కడో తప్పిపోతోంది. దేవుని పేరు ప్రతి పాఠంలో పలుకుతూనే ఆయన కృపను పాఠంలో నుండి తీసేయడం సాధ్యమే. అది చానల్ కత్తిరింపుకంటే ప్రమాదం, ఎందుకంటే ఎవరికీ కనబడదు.

అలాగని అనువాదమే వద్దా? మన చరిత్ర అలా చెప్పదు. పురుషోత్తమ చౌధరి గారు రాగతాళాలతో కీర్తనలు రాయకపోతే మన ఆరాధన ఈనాటికీ అరువు గొంతుతో ఉండేది. 1978లో వచ్చిన కరుణామయుడు తెలుగువాడు తీసిన యేసు చరిత్ర. అది దయాసాగర్ పేరుతో హిందీలోకి వెళ్లి తెలుగు రాని పల్లెల్లోనూ కన్నీళ్లు తెప్పించింది. పెంతెకొస్తు దినాన ప్రతివాడూ తన సొంత భాషలోనే విన్నాడు. పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాటలనే ఎత్తి మాట్లాడాడు. కాని వాళ్లు నవ్వుతారని తెలిసీ పునరుత్థానాన్ని దాచలేదు. పళ్లెం వాళ్లది, అన్నం మాత్రం ప్రభువుది.

కాబట్టి ఈ సెలవుల్లో కార్టూన్ వేసేముందు ఉపాధ్యాయులు మూడు పనులు చేయాలని కోరుతున్నాం. మొదట, దాన్ని ముందుగా పూర్తిగా చూడండి, పక్కన బైబిలు తెరిచి పెట్టుకుని. కథకు కలిపినదేదో, తీసేసినదేదో అప్పుడు తెలుస్తుంది. రెండు, ఆ తెలుగు మీ ఊరి పిల్లలకు అర్థమవుతుందా అని వినండి. యంత్రం పలికే పుస్తక భాష ఆదిలాబాదు పిల్లకూ శ్రీకాకుళం పిల్లాడికీ ఒకేలా పరాయిది కావచ్చు. అలాంటప్పుడు శబ్దం ఆపి మీరే కథ చెప్పండి. మూడు, బొమ్మ ఆగాక ఒక్క ప్రశ్న అడగండి: ఈ కథలో దేవుడు ఏమి చేశాడు? పిల్లల దగ్గర జవాబు లేకపోతే ఆ రోజు పాఠం ఇంకా మొదలు కాలేదని గ్రహించండి.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ అన్నం తినాలని ఫోను చేతికిచ్చే ఇళ్లు మనలోనూ ఉన్నాయి. బైబిలు కార్టూనే కదా అని నిశ్చింతగా ఉండకండి. పక్కన కూర్చుని ఒక్క భాగమైనా కలిసి చూడండి. పిల్లవాడు అడిగే ప్రశ్నకు జవాబు ఏ స్టూడియో పంపలేదు. అది మీ నోటనే, మీ ఇంటి తెలుగులోనే వాడికి అందాలి.