దొంగచేతి తాళాలు

పోటీ కంపెనీలు తమలో తాము ఒడంబడిక చేసుకుంటే అవినీతి అంతరిస్తుందని ఒక సిద్ధాంతం ప్రచారంలో వున్నది. ఒక్కడే నిజాయితీగా వుంటే బేరం పక్కవాడికి పోతుంది; అందరూ కట్టుబడితే ఎవరికీ నష్టం లేదు — ఇదీ వాదన. వినడానికి సబబుగానే వున్నది. ఆచరణలో ఏమయింది?

నైజీరియా నియంత అబాచా దోచిన ప్రజాధనం స్విస్ బ్యాంకుల్లో బయటపడి పరువు పోయిన రోజులలో, 2000లో, 11 మహా బ్యాంకులు కలిసి వోల్ఫ్స్‌బర్గ్ సూత్రాలను ప్రకటించాయి. ధనికుల ఖాతాలు తెరిచేటప్పుడు ఆ సొమ్ము ఎక్కడిదో విచారిస్తామని మాట యిచ్చాయి.

ఆ 11లో హెచ్‌ఎస్‌బిసి ఒకటి. 2012లో అమెరికా న్యాయశాఖ బయటపెట్టిన సంగతి వినండి: మెక్సికోలో మాదకద్రవ్యాల ముఠాలు ఆ బ్యాంకు కౌంటరు కిటికీలకు సరిగ్గా పట్టే పెట్టెలు చేయించి, వాటినిండా డాలర్లు తెచ్చి జమకట్టేవి. ఆ బ్యాంకు ద్వారా చలామణి అయిన మాదకద్రవ్యాల సొమ్ము కనీసం 88 కోట్ల డాలర్లు! సుమారు 190 కోట్లు చెల్లించి బ్యాంకు బయటపడింది. ఈ నేరానికి ఒక్క అధికారి కూడా జైలుకు పోలేదు.

లోపం సూత్రాలలో లేదు. వాటిని వ్రాసినవారే కాపలాదారులు కావడంలో వున్నది. గుట్టు రట్టు చేసింది సాటి బ్యాంకులు కాదు, ప్రభుత్వ దర్యాప్తు. ఆ ప్రభుత్వం సైతం, అంత పెద్ద బ్యాంకు కదిలితే ఆర్థికవ్యవస్థ కదులుతుందని జంకింది.

కంపెనీలు ఒడంబడికలు చేసుకుంటే చేసుకోనీయండి. ఖాతాల అసలు యజమానుల పేర్లు ప్రజలముందు పెట్టే చట్టం కావాలి. నేరాన్ని బయటపెట్టిన గుమాస్తాకు రక్షణ కావాలి. జరిమానాతో కొనలేని శిక్ష కావాలి. ఇవి కంపెనీలు దయచేసేవి కావు. ప్రజలు పోరాడి సాధించవలసినవి.