ఆడబిడ్డ వాటా, ఇంటి వెల

విరాసత్‌లో ఆడబిడ్డ వాటా ఎగవేయడం పాపమని జుమా ఖుత్బాల్లో వింటూనే ఉన్నాం. వాటా ఇస్తూనే ఎగవేసే పద్ధతి ఒకటుంది. దాన్ని గురించి మాట్లాడేవారు తక్కువ.

తండ్రి పోయాడు. అప్పులు, వసియ్యత్ తీరాక ఒక ఇల్లు మిగిలింది. వారసులు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. దివ్య ఖుర్‌ఆన్ ప్రకారం ఐదు భాగాల్లో కూతురిది ఒకటి. ఇల్లు తామే ఉంచుకుని చెల్లెలికి రొక్కం ఇస్తామంటారు అన్నలు. అందులో తప్పు లేదు. ఆ ఇల్లు బజారులో 50 లక్షలు పలుకుతుందనుకుందాం, రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కలో 20 లక్షలే. ఆ కాగితం చూపి చెల్లెలి చేతిలో 4 లక్షలు పెడతారు. న్యాయంగా రావలసినవి 10 లక్షలు. భాగాల లెక్క సరిపోయింది, వెల మాత్రం అబద్ధం. రేపు అదే ఇంటిమీద బ్యాంకు అప్పు కావలసివస్తే 60 లక్షలు రాసిమ్మని ఇంజనీరును బతిమాలేదీ ఈ అన్నలే! తీసుకునేటప్పుడు నిండుగా, ఇచ్చేటప్పుడు వెలితిగా కొలిచేవారి కోసం ముతఫ్ఫిఫీన్ అని ఒక సూరాయే అవతరించింది. మనమేమో తరాజు అంటే కిరాణా కొట్టులోదే అనుకుంటున్నాం.

రిజిస్ట్రేషన్ ఆఫీసు వెల స్టాంపు సుంకం వసూలుకు సర్కారు పెట్టుకున్న లెక్క. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక 2021 దాకా దాన్ని సవరించనే లేదు. ఆ ఏడేళ్లూ బజారు ధరలు కదలకుండా కూర్చున్నాయా?

వెల కట్టడమంటే ఒక విధంగా సాక్ష్యం చెప్పడమే. ఖైబర్ తోటలను అక్కడి యూదులకే సగం పంట ఒప్పందం మీద వదిలిన తరువాత, చెట్టుమీది ఖర్జూరం అంచనా కట్టడానికి దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుల్లా బిన్ రవాహా (రజి)ను పంపేవారు. అరబీలో ఈ అంచనాను ఖర్స్ అంటారు. అంచనా తగ్గించమని వారు తమ స్త్రీల నగలు తెచ్చి ముందు పెట్టారు. అది లంచమనీ, హరామ్ అనీ ఆయన తోసివేశారని ఇమామ్ మాలిక్ (రహ్మ) ముఅత్తాలో ఉంది. అంచనా కట్టాక ఆయన వారికి ఒక మాట చెప్పేవారు: ఈ లెక్కకు మీరు తీసుకున్నా సరే, మాకు వదిలినా సరే అని. అన్నలను మనం అడగవలసింది అదే. 20 లక్షలే సరైన వెల అయితే, ఆ వెలకు ఇల్లు చెల్లెలికి వదిలి మీ వాటా 8 లక్షల చొప్పున రొక్కం పుచ్చుకుంటారా?

ఇక కాగితం రాసిచ్చేవారి సంగతి. కంపెనీల చట్టం కింద 2017లో వచ్చిన వాల్యూయర్ల నిబంధనలే, అడిగినవారి అవసరానికి తగ్గట్టు వెల కట్టరాదంటున్నాయి. ఫీజు ఇచ్చింది అన్నే కావచ్చు, ఆ కాగితాన్ని నమ్మేది చెల్లెలు. అందుకే వాల్యూయర్‌ను ఎంచుకునేటప్పుడు ఆమెనూ, ఆమె భర్తనూ పిలవాలి. అనుమానముంటే ఆమె తరఫున ఇంకొకరితోనూ చూపించాలి. రెండు వేల రూపాయల ఖర్చుకు వెనకాడి రక్తసంబంధాన్ని తెంచుకోవడం ఏం తెలివి?

"ఆపా మాఫ్ చేసేసింది" అంటారు కొందరు. దేన్ని మాఫ్ చేసింది? తనకు 4 లక్షలే వస్తాయని నమ్మిన మనిషి మిగతా 6 లక్షలను మాఫ్ చేయలేదు, అవి ఉన్నాయనే ఆమెకు తెలియదు. ముందు 10 లక్షలని చెప్పండి. ఆ తరువాత అడగండి.