స్టేడియం ఉన్న ఊళ్లో పాటకు గది

2023 జులై చివర్లో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా నగరం రెండు రోజుల ముచ్చటకు పేరు మార్చుకుంది. లీవైస్ స్టేడియంలో పాడటానికి టేలర్ స్విఫ్ట్ వస్తోందని నగర పాలకులు ఊరిని ‘స్విఫ్టీ క్లారా’ అన్నారు, ఆమెను గౌరవ మేయర్‌ను చేశారు. నెల తిరిగేసరికి అదే మైదానంలో బియాన్సే పాడింది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊరి జనం 1,27,647. స్టేడియంలో సీట్లు 68,500. అంటే ఊళ్లో సగానికి పైగా జనం ఒకేసారి కూర్చుని పాట వినగలరు.

ఇంత ఏర్పాటున్న చోట ఒక చిన్న సంగతి అడిగి చూడండి. నలుగురు కుర్రాళ్లు గిటారు, డ్రమ్స్, వయొలిన్, మృదంగం పట్టుకుని సొంతంగా పాటలు కట్టుకున్నారు. వాళ్ల పేర్లు ఇంకా ఎవరికీ తెలియవు. గురువారం సాయంత్రం ఒక వంద మంది ముందు వాయించి చూసుకోవాలనుకుంటున్నారు. ఎక్కడికి వెళ్లాలి? ఎవరినడిగినా శాన్ హోజే వెళ్లమంటారు, లేకపోతే శాన్‌ఫ్రాన్సిస్కో. అదీ కాకపోతే ఎవరింటి గ్యారేజీయో.

అక్కడి మన తెలుగువాళ్లనడిగితే ‘హాలు బుక్ చేసుకోండి’ అంటారు. నిజానికి హాళ్లకు మరీ అంత కరువు లేదు. శాంటా క్లారా యూనివర్సిటీలో మేయర్ థియేటర్ ఉంది. విల్‌కాక్స్ హైస్కూలు ఆవరణలో మిషన్ సిటీ సెంటర్ ఉంది. కన్వెన్షన్ సెంటర్ సంగతి చెప్పనక్కర్లేదు, 2011 జులైలో తానా మహాసభలు అక్కడే జరిగాయి. అయితే హాలు అద్దెకిచ్చేవాళ్ల వ్యాపారం వేరు. జనం వచ్చినా రాకపోయినా వాళ్ల అద్దె వాళ్లకు ముడుతుంది కనుక లోపల ఎవరు పాడుతున్నారన్నది వాళ్ల బెంగ కాదు. నేను చెబుతున్న చిన్న వేదికలో పాడేవాళ్లను ఎంచుకునేది దాన్ని నడిపే మనిషే. స్పీకర్లు, మిక్సర్, డ్రమ్ కిట్ అక్కడే ఉంటాయి. టికెట్లు తెగకపోతే నష్టం కూడా ఆ మనిషిదే. కొత్తవాళ్లకు కావలసింది గోడలూ కుర్చీలూ కాదు, తమ తరఫున నష్టం భరించే ఒకరు.

అద్దె హాలులో ఆ నష్టాన్ని పాడేవాళ్లో, వాళ్ల నాన్నలో భరిస్తారు. అందుకే బే ఏరియా తెలుగు సంగీత జీవితం రెండు కొసల దగ్గర గడ్డకట్టింది. ఒక కొసన తల్లిదండ్రుల ఖర్చుతో జరిగే అరంగేట్రాలు, ఇంకో కొసన స్పాన్సర్ల ఖర్చుతో జరిగే స్టార్ నైట్లు. నడుమ మెట్లు లేవు. పన్నెండేళ్లు నేర్చుకుని అరంగేట్రం చేసిన పిల్ల ఆ మర్నాటి నుంచి ఎక్కడ పాడాలి? సౌత్ ఇండియా ఫైన్ ఆర్ట్స్ సంస్థ 1979 నుంచీ కర్ణాటక కచేరీలు పెట్టిస్తోంది. 2001లో మొదలైన సిలికానాంధ్ర మిల్పిటాస్‌లో ఏకంగా విశ్వవిద్యాలయమే తెరిచి, అందులో కర్ణాటక సంగీతాన్నీ కూచిపూడినీ పాఠ్యాంశాలు చేసింది. నేర్పే ఏర్పాటుకు లోటు లేదు, నేర్చుకున్నది వారం వారం నలుగురిలో వినిపించుకునే చోటుకే లోటు.

ఉన్న హాళ్లయినా నిలకడగా ఉన్నాయా అంటే అదీ లేదు. పక్క ఊరు కూపర్టినోలో డి ఆంజా కాలేజీ వారి ఫ్లింట్ సెంటర్ 1971లో తెరుచుకుంది. దాదాపు 2,400 సీట్లు. 1984లో స్టీవ్ జాబ్స్ మ్యాకింటాష్‌ను లోకానికి చూపించింది ఆ వేదిక మీదే. మరమ్మతుల ఖర్చు మోయలేమని 2019లో దాన్ని మూసేశారు. యాపిల్ కేంద్ర కార్యాలయం ఉన్న ఊళ్లోనే ఒక ప్రేక్షకశాలకు గతి లేకపోయిందంటే, పక్క ఊళ్లో రెండొందల మంది పట్టే గది తెరవాలనుకునే వాళ్లు ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి.

వేద్దాం. టికెట్ ఇరవై డాలర్లు, రెండొందల మంది, హౌస్‌ఫుల్ అనుకుందాం. చేతికొచ్చేది నాలుగు వేలు. మర్యాదగా నడిపేవాళ్లయితే అందులో సగానికి పైగా వాయించిన వాళ్లకే ఇస్తారు. మిగిలిన దాంట్లోంచి సౌండ్ చూసే మనిషికి, గేటు దగ్గర సెక్యూరిటీకి, బీమాకి, కరెంటుకి, సిలికాన్ వ్యాలీ అద్దెకి సర్దాలి. పైగా అన్ని రాత్రులూ హౌస్‌ఫుల్ కావు. అమెరికాలో చిన్న సంగీత వేదికలు టికెట్ల మీద బతకవు, బార్ మీద బతుకుతాయి. ఈ మాటకు మన సంఘాల్లో మొహాలు ముడుచుకుంటాయని తెలుసు, కానీ లెక్క అదే.

ఇక్కడే కాలిఫోర్నియా చట్టం చాలాకాలం అడ్డుపడింది. మద్యం లైసెన్సుల్లో టైప్ 48 తీసుకుంటే అది బారు, 21 ఏళ్ల లోపువాళ్లు గడప తొక్కకూడదు. టైప్ 47 తీసుకుంటే పిల్లల్ని రానివ్వచ్చు గానీ నిజమైన వంటగది పెట్టి రెస్టారెంటు నడపాలి. పాట వినిపిద్దామని బయల్దేరిన మనిషి బిర్యానీ వ్యాపారంలో తేలాలన్నమాట. రాష్ట్ర సెనెటర్ స్కాట్ వీనర్ తెచ్చిన ఎస్‌బీ 793 బిల్లు పుణ్యమా అని 2023 నుంచి టైప్ 90 అనే కొత్త లైసెన్సు వచ్చింది. ఇది సంగీత వేదికల కోసమే పుట్టింది. కచేరీకి రెండు గంటల ముందు నుంచి, అయిపోయాక గంట వరకే మద్యం అమ్మాలి. వంటగది అక్కర్లేదు, అన్ని వయసుల వాళ్లూ రావచ్చు. అమ్మానాన్నలు, పదహారేళ్ల కూతురు, ఊరి నుంచి వచ్చిన తాతయ్య కలిసి కచేరీకి వెళ్లే మన అలవాటుకు ఇంతకంటే సరిపోయే కాగితం ఆ రాష్ట్రంలో ఇంతకుముందు లేదు. ఈ మార్పు మన సంఘాల దృష్టికి వచ్చినట్టు కనిపించదు.

తర్వాతి చిక్కు స్థలం. శాంటా క్లారాకు ఒకప్పుడు డౌన్‌టౌన్ ఉండేది. 1960లలో పట్టణ పునరుద్ధరణ పేరుతో ఫెడరల్ సొమ్ముతో దాన్ని నేలమట్టం చేశారు. ఆ డౌన్‌టౌన్‌ను మళ్లీ తెచ్చుకోవాలని అక్కడి పౌరులు ఇప్పటికీ పోరుతున్నారు. పాత భవనాలు, చవక అద్దెలు ఉన్న వీధుల్లోనే ఎక్కడైనా చిన్న వేదికలు మొలుస్తాయి. ఆ వీధులే పోయాక సంగీతం పారిశ్రామిక వాడకు తరలింది. 1980ల చివర్లో మార్టిన్ అవెన్యూ మీద, గోడౌన్ల మధ్య ‘వన్ స్టెప్ బియాండ్’ అనే క్లబ్ నడిచింది. అప్పటికింకా పెద్ద హాళ్లకు ఎదగని రాక్ బ్యాండ్లు అక్కడ వాయించాయి.

ఇప్పుడా వాడలో గోడౌన్లను డేటా సెంటర్లు మింగేస్తున్నాయి. కారణం విచిత్రం: శాంటా క్లారాకు 1896 నుంచీ సొంత విద్యుత్ సంస్థ ఉంది. సిలికాన్ వ్యాలీ పవర్ అనే ఆ నగర సంస్థ చుట్టుపక్కల ఊళ్లకంటే చవగ్గా కరెంటిస్తుంది. అందుకని యాభైకి పైగా డేటా సెంటర్లు ఆ చిన్న ఊళ్లోనే వచ్చి పడ్డాయి. వాటితో అద్దె దగ్గర పోటీపడగల డ్రమ్మర్ ఈ లోకంలో లేడు. అయినా నాకు ఇందులో ఒక అవకాశం కనిపిస్తుంది. సంగీత వేదికకు డేటా సెంటర్ కంటే మంచి పొరుగు దొరకదు. దానికి నిద్ర లేదు, పసిపిల్లలు లేరు, పోలీసులకు ఫోన్ చేయదు. కొత్త డేటా సెంటర్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు వీధి వైపు కొంత జాగా కళలకు కేటాయించమని నగరం షరతు పెట్టొచ్చు. బేరమాడే శక్తి నగరం చేతిలోనే ఉంది, కరెంటు మీటరు దానిదే కదా.

అలాగని ఖాళీ గోడౌన్ చూసుకుని రెండు స్పీకర్లు పెట్టి మొదలెట్టేయడం మాత్రం వద్దు. 2016 డిసెంబర్ 2 రాత్రి ఓక్లాండ్‌లో ‘ఘోస్ట్ షిప్’ అనే గోడౌన్‌లో సంగీత కార్యక్రమం జరుగుతుండగా మంటలు లేచి 36 మంది చనిపోయారు. జనం గుమిగూడటానికి ఆ భవనానికి అనుమతి లేదు, పై అంతస్తు నుంచి బయటపడే దారీ సరిగా లేదు. యాభై మందికి పైగా చేరే చోటును అక్కడి నిబంధనలు వేరే తరగతిలో చూస్తాయి, అగ్నిమాపక ఏర్పాట్లు కూడా ఆ మేరకు పెరుగుతాయి. ఆ ఖర్చు ఎక్కువే. దాన్ని తగ్గించుకునే దారి వెతక్కూడదు, భరించే దారి వెతకాలి.

ఇక శబ్దం. లీవైస్ స్టేడియంలో మామూలు రోజుల్లో కచేరీ రాత్రి పదికల్లా ముగియాలన్న నిబంధన పెద్ద రగడైంది. 2017 మేలో యూ2 బ్యాండ్ పది దాటాక కూడా వాయిస్తే చుట్టుపక్కల వాళ్లు ఫిర్యాదులు చేశారు. ఆ మరుసటి ఏడాది ఎడ్ షీరన్ ఈ గొడవెందుకని తన మంగళవారం కచేరీని శాన్‌ఫ్రాన్సిస్కో బేస్‌బాల్ మైదానానికి మార్చుకున్నాడు. పది గంటల గీత మనకు కొత్త కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మన దేశంలోనూ రాత్రి పది దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగకూడదు. పండగలూ ఉత్సవాలకు ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వచ్చు. 2022 సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు హైదరాబాద్ పబ్‌లలో పది తర్వాత మోత వద్దంది. నిద్ర పట్టని పొరుగువాడి కోపం న్యాయమైనదే.

మరి ఎవరు ముందు వచ్చారు? ఏళ్లుగా డప్పు మోగుతున్న వీధిలో కొత్తగా అపార్టుమెంటు కట్టి, అందులో దిగినవాళ్లు డప్పు ఆపమనడం న్యాయమా? ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2014లో, శాన్‌ఫ్రాన్సిస్కో 2015లో, ఇంగ్లండ్ తన ప్రణాళికా విధానంలో 2018లో దీనికి ఒకే తీరున జవాబు చెప్పాయి: వెనక వచ్చినవాళ్లే సర్దుకోవాలి. కొత్త ఇళ్లు కట్టేవాళ్లే రెండు పొరల అద్దాలు వేయించుకోవాలి, కొనేవాళ్లకు పక్కన సంగీత వేదిక ఉందని ముందే చెప్పాలి. కొత్త ఇళ్లు గుట్టలుగా కడుతున్న శాంటా క్లారా ఈ నియమాన్ని ఇప్పుడే రాసుకోవడం మేలు. వేదిక ఒకటి వచ్చి, గొడవ మొదలయ్యాక రాస్తే ఎవరో ఒకరికి వ్యతిరేకంగా రాసినట్టవుతుంది.

నడిపే తీరు మాటకొస్తే నాకు రెండు చోట్లు గుర్తొస్తాయి. ఒకటి బర్క్లీలోని 924 గిల్మన్. 1986 డిసెంబర్ 31న తెరిచారు. మద్యం లేదు, వయసు అడ్డు లేదు, పని అంతా వాలంటీర్లదే, నామమాత్రపు సభ్యత్వ రుసుం. గ్రీన్ డే బ్యాండ్ ఎదిగింది అక్కడే. పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకున్నాక, తన నియమం ప్రకారం గిల్మన్ వాళ్లనే గుమ్మంలో ఆపేసింది. రెండోది హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని లామకాన్. 2010 నుంచి నడుస్తోంది. అక్కడ సంగీతం, నాటకం, చర్చ ఏదైనా జరుగుతుంది, సమోసాలూ చాయ్ అమ్మే క్యాంటీన్ ఆ చోటుకు ఆసరాగా నిలుస్తుంది. కాకినాడ సరస్వతీ గాన సభ నుంచి చిక్కడపల్లి త్యాగరాయ గాన సభ వరకు సభలు నడిపిన అనుభవం మనకుంది కాబట్టి సభ్యత్వం, వాలంటీర్లు, క్యాంటీన్ అన్నవి తెలుగువాళ్లకు ఒకరు నేర్పాల్సిన విద్యలు కావు. ఆ అనుభవమంతా అమెరికా వెళ్లేసరికి మహాసభల బాంకెట్ల దారి పట్టింది.

చిన్న వేదిక లేకపోవడం సంగీతాన్ని కూడా మార్చేసింది. మన కార్యక్రమాల్లో గాయకులు ఎక్కువగా ట్రాక్ పెట్టుకుని పాడతారు. డ్రమ్స్ మోసుకొచ్చి, సౌండ్ చెక్ చేసుకుని, పది నిమిషాల పాట కోసం మళ్లీ విప్పుకుని పోవడం ఎవరి వల్లా కాదు మరి. సామాన్లు బిగించి ఉన్న గది ఒకటుంటే ఆర్కెస్ట్రా తిరిగొస్తుంది. సినిమా పాటకే అతుక్కుపోయే అలవాటూ కొంత సడలొచ్చు. 2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా తరఫున లాయరు నోటీసు అందింది, బాలు ఆ పాటలు ఇక వేదిక మీద పాడనన్నారు. ఎవరి పక్షం న్యాయమైనదో వదిలేయండి. వేదిక తెరిచేవాళ్లు ఆస్కాప్, బీఎంఐ లాంటి హక్కుల సంస్థలకు ఏటా కట్టే రుసుమును లెక్కలో రాసుకోకుండా గడప దాటలేరని ఆ నోటీసు గుర్తుచేస్తుంది. సొంత పాటలు కట్టేవాళ్లకు గౌరవం పెరగడానికీ అది ఒక కారణం కావాలి.

డబ్బు ఎక్కడి నుంచి? బ్రిటన్‌లో 2023 ఒక్క ఏడాదిలోనే 125 చిన్న వేదికలు మూతపడటమో, సంగీతం ఆపేయడమో జరిగిందని మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క తేల్చింది. దాంతో స్టేడియాలు, పెద్ద అరీనాల టికెట్ మీద ఒక్కో పౌండు తీసి చిన్న వేదికలకివ్వాలన్న ఏర్పాటు అక్కడ మొదలైంది. శాంటా క్లారాలో ఒక స్టేడియం కచేరీకి 50 వేల టికెట్లు అమ్ముడైతే, డాలరు చొప్పున 50 వేల డాలర్లు. అలాంటివి ఏడాదికి నాలుగైనా జరిగితే ఒక గదికి స్ప్రింక్లర్లు, సౌండ్‌ప్రూఫింగ్ పనికి మంచి ఆసరా. కాకపోతే స్టేడియం లెక్కల మీద నగరానికీ, అందులో ఆడే ఫార్టీనైనర్స్ ఫుట్‌బాల్ జట్టు యాజమాన్యానికీ ఏళ్లతరబడి పేచీలు నడిచాయి. ఈ డాలరు త్వరలో రాలుతుందని నేనైతే అనుకోను.

అంతవరకు మన సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది. ఒక స్టార్ నైట్‌కు పెట్టే ఖర్చును కొత్త వేదిక నడిపేవాళ్లకు పన్నెండు రాత్రుల హామీగా మార్చొచ్చు. నెలకో రాత్రి, పాడేదెవరో సంఘం కాకుండా వేదిక నిర్ణయించాలి. పోస్టరు మీద స్పాన్సరు ఫొటో ఉండదు, శాలువాలూ ఉండవు. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేముందు భవన యజమాని అడిగేది ఎలాగూ నెలనెలా వచ్చే ఆదాయం ఎంతని మాత్రమే.