విషంలో మందు ఉంది, మందుల షాపులో లేదు

యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా గురించి ప్రపంచం మాట్లాడుకునేటప్పుడు ఢిల్లీ పేరు తప్పక వస్తుంది. చివరి అస్త్రాలుగా దాచుకునే కార్బపెనెమ్ మందులను సైతం పనికిరాకుండా చేసే ఎన్‌డీఎం-1 జన్యువు, 2008లో న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన ఒక రోగిలో బయటపడింది. ఆ పేరులోని 'ఎన్‌డీ' అంటే న్యూఢిల్లీయే. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లోనూ, కుళాయి నీటి నమూనాలు 50 పరీక్షిస్తే రెండింటిలోనూ ఆ జన్యువు దొరికింది. పొరుగునే ఉన్న గురుగ్రామ్ మురుగు కూడా నజఫ్‌గఢ్ కాలువ గుండా యమునకే చేరుతుంది. విదేశీ రోగులు సైతం వెతుక్కుంటూ వచ్చే పెద్ద ఆసుపత్రులున్న నగరమది. అక్కడి ఐసీయూలో మందు పనిచేయకపోతే, శస్త్రచికిత్స ఎంత బాగా జరిగినా రోగి దక్కకపోవచ్చు.

ఈ పరిస్థితిలో పాము విషం నుంచి కొత్త యాంటీబయాటిక్‌లు వస్తాయన్న వార్త సహజంగానే ఆశ పుట్టిస్తుంది. ఆ ఆశకు ఆధారం ఉంది. కానీ పని ఆగిపోతున్నది పాముల దగ్గర కాదు, ప్రయోగశాల దాటిన తర్వాత. ఆ మధ్య దారికి డబ్బు పెట్టేవారు లేకపోవడమే అసలు సమస్య.

ఇందులో తెలుగువారికి ఆసక్తి కలిగించే ఉదాహరణ ఒకటుంది. విశాఖపట్నంలో పనిచేసిన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములపై 1796లో పుస్తకం ప్రచురించాడు. పసుపు, నలుపు పట్టీల కట్లపామును అందులో స్థానికులు పిలిచిన 'బంగారు పాము' పేరుతోనే నమోదు చేశాడు. కట్లపాముల ప్రజాతికి శాస్త్రీయ నామమైన 'బంగారస్' ఆ తెలుగు మాట నుంచే వచ్చింది. 2008లో చైనా పరిశోధకులు సరిగ్గా ఈ పాము విషంలోనే 30 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్‌ను గుర్తించారు. కాథెలిసిడిన్-బీఎఫ్ అని పేరు పెట్టిన ఆ పెప్టైడ్, మందులకు లొంగని కొన్ని బాక్టీరియాలను కూడా ప్రయోగశాలలో చంపగలిగింది.

ఇలాంటి పెప్టైడ్‌లు పనిచేసే తీరు సులభంగానే అర్థమవుతుంది. వాటిపై ధనావేశం ఉంటుంది. బాక్టీరియా పైపొరపై రుణావేశం ఎక్కువ. కాబట్టి పెప్టైడ్ వెళ్లి దానికి అతుక్కుని పొరను చీలుస్తుంది. మన కణాల వెలుపలి పొర దాదాపు తటస్థం, పైగా అందులో కొలెస్టరాల్ ఉంటుంది. అందుకే మన కణాలకు హాని కొంత తక్కువ. విషానికి పసుపు రంగునిచ్చే ఎల్-అమైనో యాసిడ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము దారి వేరు. అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టించి బాక్టీరియాను దెబ్బతీస్తుంది.

అయితే గాజు పళ్లెంలో బాక్టీరియాను చంపడం వేరు, మనిషి శరీరంలో చంపడం వేరు. రక్తంలోని ఎంజైములు పెప్టైడ్‌లను త్వరగా ముక్కలు చేస్తాయి. మోతాదు పెంచితే ఎర్ర రక్తకణాలు పగిలే ప్రమాదం ఉంది. తయారీ ఖర్చూ ఎక్కువే. కప్ప చర్మంలోని పెప్టైడ్ ఆధారంగా రూపొందించిన పెక్సిగనాన్ లేపనం చివరి దశ పరీక్షల దాకా వెళ్లినా, 1999లో అమెరికా నియంత్రణ సంస్థ దాన్ని ఆమోదించలేదు. బాక్టీరియా కూడా ఊరుకోదు. నల్లమెడ ఉమ్మి నాగు విషంలోనే బతకగలిగేలా మారిన బాక్టీరియాను 2022లో ఒక పరిశోధన వర్ణించింది. విషాన్నైనా తట్టుకోవడం నేర్చుకోగల జీవులవి.

మరి విషం నుంచి మందులే రాలేదా? వచ్చాయి. బ్రెజిల్ పింజర విషం ఆధారంగా తయారైన రక్తపోటు మందు కాప్టోప్రిల్ 1981లో ఆమోదం పొందింది. మన పొడి నేలల్లో తిరిగే ఇసుక పింజర విషంలోని ప్రోటీన్ నమూనాగా, రక్తం గడ్డకట్టకుండా ఆపే టైరోఫిబాన్ 1998లో వచ్చింది. రెండూ కర్మాగారంలో తయారయ్యే అణువులే. వాటి కోసం పామును పట్టనక్కర్లేదు.

రక్తపోటు మాత్ర ఏళ్ల తరబడి వాడాలి. యాంటీబయాటిక్ వారం రోజులు వాడితే చాలు. పైగా కొత్తదాన్ని ఎంత తక్కువ వాడితే అంత మంచిది. ఈ లెక్కలో కంపెనీకి లాభం మిగలదు. 2018లో ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌కు ఆమోదం తెచ్చుకున్న అకావోజెన్ అనే అమెరికన్ కంపెనీ మరుసటి ఏడాదే దివాలా తీసింది. అందుకే బ్రిటన్ 2022 నుంచి రెండు యాంటీబయాటిక్‌లకు ఎంత వాడారన్న దానితో నిమిత్తం లేకుండా ఏటా స్థిరమైన మొత్తం చెల్లిస్తోంది.

మన దేశమూ ఈ దారిలో ఆలోచించాలి. నైపుణ్యం కొరవడలేదు. హైదరాబాద్ సీసీఎంబీలో ఆర్. నాగరాజ్ బృందం సూక్ష్మజీవులను చంపే పెప్టైడ్‌లపై దశాబ్దాల పాటు పనిచేసింది. గురుగ్రామ్ ఉద్యోగ్ విహార్‌లో మొదలైన రెండు జీవసాంకేతిక సంస్థలు, ఆర్‌సీబీ, టీహెచ్‌ఎస్‌టీఐ, ఇప్పుడు ఫరీదాబాద్‌లో ఒకేచోట ఉన్నాయి. పక్కనే రోగులూ, నిరోధక బాక్టీరియా నమూనాలూ ఉన్న ఆసుపత్రులున్నాయి. విషతుల్యత పరీక్షలకు, ప్రమాణాల ప్రకారం తయారీకి, రోగులపై తొలి దశ పరీక్షలకు ప్రభుత్వ నిధి ఉండాలి. ఫలితం వస్తే కొంటామన్న హామీ కూడా ఉండాలి.

ఒక జాగ్రత్త అవసరం. 'విషంలో ఔషధం' అన్న మాట అక్రమ వ్యాపారానికి సాకు కాకూడదు. 2023 నవంబరులో నోయిడా పోలీసులు పార్టీలకు పాము విషం సరఫరా ఆరోపణలపై కేసు పెట్టి, తొమ్మిది పాములను స్వాధీనం చేసుకున్నారు. పెప్టైడ్ అమరిక ఒకసారి తెలిశాక దాన్ని కృత్రిమంగా తయారు చేసుకోవచ్చు. చట్టబద్ధంగా సేకరించే విషంపై తొలి హక్కు పాముకాటుకు ఇచ్చే యాంటీవెనమ్‌దే.

ఇవన్నీ సమకూరినా కొత్త మందు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా జలుబుకు యాంటీబయాటిక్ రాయకపోవడం, చీటీ లేకుండా అమ్మకపోవడం, ఆసుపత్రి మురుగును శుద్ధి చేయకుండా వదలకపోవడం ఏ పామూ చేసిపెట్టే పనులు కావు.